వెలిసిపోయిన నల్ల ప్లాస్టిక్‌కు మళ్లీ నలుపు: పాత కారు బంపర్, క్లాడింగ్, వైపర్ జాలీ బాగుచేసే పద్ధతి

పెయింటు ఇంకా మెరుస్తున్నా కారు ముసలిదైపోయినట్టు కనిపిస్తోందంటే చాలాసార్లు కారణం నల్ల ప్లాస్టిక్కే. 2012లో వచ్చిన రెనో డస్టర్, 2013 నాటి ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2015 నాటి క్విడ్ లాంటి వాటికి చక్రాల చుట్టూనో తలుపుల కిందో రంగు వేయని ప్లాస్టిక్ ఉంటుంది, దాన్నే క్లాడింగ్ అంటారు. చిన్న కార్ల బేస్ మోడళ్లలో పక్క అద్దాల డిప్పలు, తలుపు పిడులు కూడా అదే రకం. ఇక అద్దం కింద వైపర్లు కూర్చునే జాలీ, అంటే స్పేర్ పార్ట్స్ షాపులో కౌల్ అని అడిగే భాగం, ఏ కారులోనైనా అన్నిటికంటే ముందు బూడిదరంగులోకి తిరుగుతుంది. ఎండ దానిమీద నిట్టనిలువుగా పడుతుంది, పైగా బానెట్ వేడి.

ఈ పనిలో ముప్పాతిక భాగం శుభ్రం చేయడమే. మిగిలిన పావు సరైన మందు ఎంచుకోవడం. చాలామంది ఈ లెక్కను తలకిందులు చేసి, సీసా కొనుక్కొచ్చి మురికి మీదే పూసి, మూడో వానకు చారలు పడ్డాక సీసాను తిడతారు.

ఎందుకు తెల్లబడుతుంది

ఈ భాగాల్లో ఎక్కువ శాతం పాలీప్రొపిలీన్, దానికి కొంచెం రబ్బరు, టాల్క్ కలిపిన మిశ్రమం. నలుపు పైన పూసింది కాదు, కార్బన్ బ్లాక్ రూపంలో ప్లాస్టిక్ లోపలే కలిసి ఉంటుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పైపొరలోని పొడవాటి అణువుల గొలుసులను తెంచుతాయి. పైపొర పెళుసై, కంటికి కనపడనంత సన్నని పగుళ్లు పడతాయి. వెలుతురు ఆ పగుళ్లలో చెదిరిపోవడంతో మనకు తెల్లగా కనిపిస్తుంది. కింద ఉన్న నలుపు చాలావరకు అలాగే ఉంటుంది.

తడి గుడ్డతో తుడవగానే ప్లాస్టిక్ కొత్తదానిలా నల్లబడి, ఆరగానే మళ్లీ వెలవెలబోయేది అందుకే. నీళ్లు ఆ పగుళ్లను కాసేపు పూడుస్తాయి. నూనె, డ్రెస్సింగ్, కోటింగ్ చేసేదీ అదే పని. తేడా అంతా ఎంతకాలం పూడ్చి ఉంచుతాయన్నదాంట్లోనే.

మొదట మూడు పరీక్షలు

ఒకటి, నీళ్ల పరీక్ష. శుభ్రంగా కడిగిన భాగం మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టి చూడండి. తడిలో నిండుగా నల్లబడితే కోటింగ్ సరిపోతుంది. తడిసినా బూడిదరంగు పోకపోతే పైపొరలో నలుపే తగ్గిందని అర్థం, అప్పుడు రంగు ఉన్న రెస్టోరర్ కావాలి.

రెండు, తెల్లగుడ్డ పరీక్ష. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా పది రుద్దులు రుద్దండి. గుడ్డకు బూడిదరంగు పొడి అంటితే అది చచ్చిన పైపొర, తీసేయాల్సిందే. చిక్కటి నలుపు అంటితే ఇంతకుముందు ఎవరో రంగు పూశారు. నల్లటి పొరలు పెచ్చులుగా లేస్తే పెయింటే వేశారు. ఆ పెయింటు మీద కింద చెప్పిన పూతలేవీ నిలవవు, ముందు అది పోవాలి.

మూడు, గోటి పరీక్ష. భాగం అంచును కొద్దిగా వంచి, గోటితో గీయండి. అంచు విరిగినా, గీత వెంట పెళ్లలు లేచినా దానికి మందు లేదు. కౌల్ లాంటివి కొత్తది కొనడమే చవక.

భాగాన్ని విప్పితే వెనకవైపు రెండు కోణపు గుర్తుల మధ్య పీపీ (అంటే పాలీప్రొపిలీన్), ఏబీఎస్ (మరో రకం ప్లాస్టిక్) లాంటి అక్షరాలు అచ్చయి ఉంటాయి. పెయింటు వేయాలనుకునేవాళ్లు ఇది తప్పక చూడాలి. అద్దాల డిప్పలు, గ్రిల్లు తరచు ఏబీఎస్. దానిమీద థిన్నర్ పడితే మెత్తబడి జిగటగా అవుతుంది, లేదా కొన్నాళ్లకు పగులుతుంది.

కావలసినవి

మధ్యరకం ఎస్‌యూవీ మొత్తానికి ఈ లెక్క సరిపోతుంది: కారు షాంపూ, 250 మి.లీ. ఆల్ పర్పస్ క్లీనర్, 500 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మధ్యరకం గట్టిదనం ఉన్న బ్రష్ ఒకటి, సందుల కోసం పాత టూత్‌బ్రష్ రెండు, కురచ నూగు ఉన్న మైక్రోఫైబర్ గుడ్డలు ఎనిమిది, ఫోమ్ అప్లికేటర్లు మూడు నాలుగు, నైట్రైల్ గ్లవ్స్, ఒక చుట్ట మాస్కింగ్ టేపు. పూత 30 మి.లీ. సీసా ఒకటి. బాగా ఎండిపోయిన ప్లాస్టిక్ మొదటి చేయిని, అంటే తొలి విడత పూతను, పీల్చేస్తుంది కాబట్టి పెద్ద బండికి 50 మి.లీ. దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఆల్కహాల్ 99 శాతం దొరికితే అందులో సగానికి సగం బ్యాటరీ వాటర్ కలపండి. బోరు నీళ్లు కలిపితే ఆరాక ఉప్పు మిగులుతుంది. మెడికల్ షాపులో అమ్మే హ్యాండ్ రబ్ మాత్రం వద్దు. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, ఆ జిడ్డు పొర మీద ఏ కోటింగూ పట్టదు.

పెట్రోలు, ఎన్‌సీ థిన్నర్, స్టీల్ పీచు, చక్రాలు కడిగే యాసిడ్ దగ్గరకు రానివ్వకండి.

ఎప్పుడు, ఎక్కడ

నీడ ఉండాలి, ప్లాస్టిక్ చల్లగా ఉండాలి. అరచేతి వెనకభాగం ఆనించి పది సెకన్లు హాయిగా ఉంచగలిగితే సరే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరలోపు కడుగుడు ముగించి, పూత పని షెడ్డులోనో సెల్లారులోనో పెట్టుకోవాలి. వానాకాలంలో రంగు పూతలు, కోటింగులు వాయిదా వేయండి. గాల్లో తేమ ఎక్కువైతే కొన్ని కోటింగులు తెల్లటి మసకతో ఆరతాయి, పైగా 24 గంటలు వాన పడదని ఎవరు హామీ ఇస్తారు? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర ఈ పనికి మంచి కాలం.

కడగడం

ముందు మామూలుగా కారంతా షాంపూతో కడగండి. దుమ్ము ఉండగా బ్రష్ పెడితే ప్లాస్టిక్‌కు పెద్దగా ఏమీ కాదు గానీ పక్కనున్న పెయింటు మీద గీతలు పడతాయి. తర్వాత ప్లాస్టిక్ అంచు వెంట పెయింటు మీద మాస్కింగ్ టేపు వేయండి. మామూలు కాగితం టేపు ఎండలో ఒక పూట ఉంటే జిగురు వదిలేస్తుంది, పని అయిన వెంటనే పీకేయాలి.

ఆల్ పర్పస్ క్లీనర్‌ను మొదట ఒక పాలుకు పది పాళ్ల నీళ్లతో కలపండి. మురికి వదలకపోతే ఒకటికి నాలుగు. అంతకంటే చిక్కగా వాడితే లాభం పెరగదు, పక్కన పెయింటుకు మసక వచ్చే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. ఒక్కో విడతకు రెండడుగుల మేర తీసుకుని, కొట్టి, రెండు నిమిషాలు ఆగి, ఆరకముందే బ్రష్‌తో గుండ్రంగా రుద్దండి. ప్లాస్టిక్ మీద తోలు లాంటి గరుకు ఉంటుంది కదా, ఆ గుంటల్లోనే ఏళ్ల తరబడి పాలిష్, టైర్ నలుపు, రోడ్డు తారు పేరుకుపోతాయి. గుడ్డ అంతలోతుకు దిగదు, బ్రష్ కుచ్చే దిగాలి.

నురుగు రంగు చూస్తుండండి. తొలి విడతలో చిక్కటి కాఫీ రంగులో, రెండోసారి బియ్యం కడుగు నీళ్లలా, మూడోసారి తెల్లగా వస్తుంది. తెల్ల నురుగు వచ్చేదాకా ఆపొద్దు. కడిగాక నీళ్లు చల్లి చూస్తే ప్లాస్టిక్ మీద ఒకచోట పలుచగా పరుచుకుని, మరోచోట ముత్యాల్లా పూస కడుతుంటే ఆ రెండోచోట పాత పాలిష్‌లోని సిలికాన్ ఇంకా ఉందన్నమాట. అక్కడే మళ్లీ రుద్దాలి. ఆ జాగా వదిలేస్తే కోటింగ్ సరిగ్గా ఆ ఆకారంలోనే మచ్చగా లేస్తుంది.

రెండు మొండి మరకలు వేరు. పెయింటుకు పాలిష్ పెట్టేటప్పుడు అంచుల మీద ఎండిపోయిన తెల్ల వ్యాక్స్ ఒకటి. దాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, టూత్‌బ్రష్‌తో క్లీనర్ పెట్టి రుద్దితే వదులుతుంది. ఆల్కహాల్‌తో పనిచేస్తున్నప్పుడు మాత్రం డ్రయ్యర్ పెట్టకండి, ఆల్కహాల్‌కు మంట అంటుకుంటుంది. రెండోది బోరు నీళ్ల ఉప్పు, చుక్కలు చుక్కలుగా తెల్ల వలయాలు. తెల్ల వెనిగర్‌ను అంతే నీళ్లతో కలిపి తడి గుడ్డతో రెండు మూడు నిమిషాలు ఆనించి, బాగా కడిగేయండి. ఇంకా మిగిలితే మెలమైన్ స్పాంజి తేలిగ్గా వాడొచ్చు. అది సన్నటి ఉప్పుకాగితం లాంటిదే కాబట్టి పెయింటుకు, మెరిసే పియానో బ్లాక్ భాగాలకు తగలనివ్వకూడదు.

ప్రెషర్ వాషర్ ఉంటే అడుగు దూరం తగ్గించకండి. పెళుసెక్కిన క్లాడింగ్ అంచు కింద నీటిధార దూరితే క్లిప్పులు ఊడి వస్తాయి.

కౌల్ విప్పడం

కౌల్‌ను కారు మీద ఉంచే చేయొచ్చు గానీ విప్పితే పని పదింతలు బాగుంటుంది. వైపర్లు ఆగి ఉన్నచోట అద్దం మీద టేపు ముక్క అతికించి గుర్తు పెట్టుకోండి, లేకపోతే తిరిగి బిగించాక వైపర్ అద్దం దాటి పక్కనున్న స్తంభానికి కొడుతుంది. వైపర్ చేయి మొదట్లో ఉన్న టోపీ తీస్తే నట్టు కనిపిస్తుంది. చాలా కార్లలో 13 లేదా 14 ఎంఎం. నట్టు తీసినా చేయి రాదు, కుదురు పళ్లకు పట్టేసి ఉంటుంది. పైకీ కిందికీ మెల్లగా ఊపుతూ లాగాలి. సుత్తి పెడితే వైపర్ లింకేజీ పోతుంది. క్లిప్పులు చలిలో పుటుక్కున విరుగుతాయి కాబట్టి గోరువెచ్చటి పూట చూసుకోండి, ఎలాగూ నాలుగైదు కొత్త క్లిప్పులు ముందే కొని పెట్టుకోండి. వాషర్ గొట్టం కౌల్‌కు తగిలించి ఉంటే దాన్ని లాగి తెంపకండి.

కౌల్ కిందకు చూసినప్పుడు ఎండిన వేపాకులు, చింతాకు గుప్పెళ్లకొద్దీ కనిపిస్తే ఆశ్చర్యపోవక్కర్లేదు. అవి నీళ్లు పోయే రంధ్రాలను మూసేస్తే వానలో నీరు బ్లోయర్ గుండా కారులోకి, కాళ్ల కింది మ్యాట్‌లోకి వస్తుంది. ఆకులు ఏరేసి ఒక చెంబెడు నీళ్లు పోసి కిందకు దిగుతున్నాయో లేదో చూడండి.

ఆరబెట్టడం

ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. గరుకు ప్లాస్టిక్ పైకి పొడిగా కనిపించినా గుంటల్లో, అతుకుల వెనక నీళ్లు ఉంటాయి. పూత పెడుతుండగా స్క్రూ పక్కనుంచి ఒక్క చుక్క జారితే చాలు, దాని దారంతా చారగా మిగిలిపోతుంది. బ్లోయర్‌తో సందులన్నీ ఊది, తర్వాత కనీసం గంటన్నర వదిలేయండి. ఆపైన ఆల్కహాల్ మిశ్రమంతో రెండుసార్లు తుడవండి, రెండోసారి కొత్త గుడ్డతో. ఆ గుడ్డకు ఏమీ అంటకపోతే ప్లాస్టిక్ సిద్ధం. ఇప్పుడది మునుపటి కంటే తెల్లగా, అసహ్యంగా కనిపిస్తుంది. అలాగే కనిపించాలి.

ఏది పూయాలి

నీళ్లలో కలిసే డ్రెస్సింగ్ అన్నిటికంటే సులువు. పూసి, ఐదు నిమిషాలకు మిగులు తుడిచేయడమే. రెండు మూడు వారాల నుంచి నెలన్నర దాకా ఉంటుంది. నెలకోసారి చేతిపనిగా పెట్టుకునేవాళ్లకు ఇదే చాలు, తప్పు పడినా కడిగేస్తే పోతుంది. జిడ్డుగా మెరిసే నూనె రకం టైర్ పాలిష్ కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

రంగున్న రెస్టోరర్ నీళ్ల పరీక్షలో తప్పిన ప్లాస్టిక్‌కు. ఇది పలుచటి నల్ల రంగును పగుళ్లలోకి దింపుతుంది. చాలా తక్కువ వాడాలి. రూపాయి బిళ్లంత రంగుతో రెండడుగుల క్లాడింగ్ అవుతుంది. పలుచగా రుద్ది, నిమిషంలోపు పొడిగుడ్డతో సమం చేయాలి. రెండు పలుచటి చేతుల నలుపు ఒక మందపాటి చేయికి రాదు. బట్టలకు, నేల పలకలకు, పెయింటుకు అంటితే వెంటనే తుడవాలి. ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలుస్తుంది, ఎక్కువ ఎండ పడే కౌల్ మీద ముందే తగ్గుతుంది. బూడిదరంగులోనే తయారైన క్లాడింగులు కొన్ని ఉంటాయి, వాటికి ఇది పూస్తే కారు రూపే మారిపోతుంది.

సిరామిక్ ట్రిమ్ కోటింగ్ నీళ్ల పరీక్షలో నెగ్గిన ప్లాస్టిక్‌కు ఎక్కువకాలం పనికొచ్చేది. సీసా మీద రెండేళ్లని రాసినా రోజంతా ఎండలో నిలబడే కారు పైభాగాల మీద ఏడాది లెక్క వేసుకోండి. రంగు రెస్టోరర్ మీద దీన్ని పూయాలనే ఆలోచన అందరికీ వస్తుంది. తయారీదారు ఆ రెండూ కలిపి వాడొచ్చని చెప్తే తప్ప వద్దు. కోటింగ్‌లోని ద్రావకం కింది రంగును లేపి, అప్లికేటర్ మీదకు తెస్తుంది.

కోటింగ్ వేసే తీరు

గ్లవ్స్ వేసుకోండి. సీసాను బాగా ఊపి, అప్లికేటర్ మీద ఎనిమిది పది చుక్కలు వేయండి. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు మేర ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా రుద్దండి. గరుకు గుంటల్లోకి చేరాలంటే కొంచెం ఒత్తాలి. వాలుగా టార్చి వేసి చూస్తే పూత పడని చోట్లు మసకగా కనిపిస్తాయి.

ఒకటి రెండు నిమిషాలకు కురచ నూగు గుడ్డతో చాలా తేలిగ్గా సమం చేయండి. తువ్వాలులాంటి పొడవు నూగు గుడ్డ వాడితే పోగులు గుంటల్లో చిక్కుకుని కోటింగ్‌లో ఆరిపోతాయి, తర్వాత ఒక్కొక్కటీ పట్టకారుతో పీకాలి. అద్దాల డిప్పలు, పిడులు లాంటి చిన్న భాగాలు ముందు చేసి చేయి తిరిగాక బంపర్‌కు రండి. బంపర్ మధ్యలో ఎక్కడా ఆపకండి, అతుకు నుంచి అతుకు దాకా ఒకే ఊపులో అయిపోవాలి. మధ్యలో ఆగితే రెండు పూతలు కలిసిన చోట గీత పడుతుంది.

గంట తర్వాత రెండో చేయి. వాడిన అప్లికేటర్ అప్పటికే గట్టిపడి ఉంటుంది, కొత్తది తీసుకోండి. 24 గంటలు నీళ్లు తగలకూడదు, వారం దాకా షాంపూ పెట్టకూడదు.

మెరిసే ముదురు చార కనిపిస్తే అక్కడ పూత మందంగా పడిందన్నమాట. పదిహేను నిమిషాల్లోపైతే అదే కోటింగ్ రెండు చుక్కలు దానిమీద వేసి, మెత్తబడగానే తుడిచేయండి. రాత్రి దాటితే మెలమైన్ స్పాంజితో అరగదీసి మళ్లీ పూయడమే దారి.

పెయింటు, ఆఖరి మార్గంగా

రంగు రెస్టోరర్ కూడా పట్టనంతగా పైపొర చెడితేనే పెయింటు. ఒకసారి పెయింటు వేస్తే వెనక్కి రావడం లేదు. పాలీప్రొపిలీన్‌కు పెయింటు తనంతట తాను అంటదు. దాని ఉపరితలం దేన్నీ పట్టుకోని రకం. అందుకే మధ్యలో అడ్హీషన్ ప్రమోటర్ అనే పారదర్శక స్ప్రే తప్పనిసరి. అది లేకుండా కొట్టిన పెయింటు మొదటి వేసవిలోనే, చచ్చిన చర్మంలా పొరలుగా లేస్తుంది.

భాగాన్ని విప్పి, బూడిదరంగు స్క్రబ్ ప్యాడ్‌తో గరుకు దెబ్బతినకుండా రుద్ది, కడిగి, ఆరబెట్టి, ఆల్కహాల్ పెట్టండి. ప్రమోటర్ ఒకటి రెండు పలుచటి చేతులు. డబ్బా మీద ఎన్ని నిమిషాల్లోపు రంగు వేయాలో రాసి ఉంటుంది, ఆ గడువు దాటకూడదు. బంపర్ల కోసమే అమ్మే మ్యాట్ లేదా సాటిన్ నలుపు స్ప్రేను 20 నుంచి 25 సెం.మీ. దూరం నుంచి పది నిమిషాల తేడాతో మూడు పలుచటి చేతులు కొట్టండి. మామూలు ఎనామిల్ నలుపు వంగదు, బంపర్ కదిలిన చోటల్లా చిట్లుతుంది. రంగులో చేపకన్నుల్లా గుండ్రటి గుంటలు లేస్తే అవి పాత సిలికాన్ జాడలు. మళ్లీ కడుగుడు దగ్గరకే రావాలి. పార్కింగ్ సెన్సర్ల ముఖాలు టేపుతో మూసి ఉంచండి.

హీట్ గన్, డీజిల్, కొబ్బరి నూనె

హీట్ గన్ వీడియోలు చూడముచ్చటగా ఉంటాయి. గన్ కదిలినకొద్దీ తెలుపు మాయమై నలుపు తేలుతుంది. పైపొర లేశమాత్రం కరిగి పగుళ్లు మూసుకోవడమే అది. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది, గన్ గాలి తరచు 400 పైనే ఉంటుంది. ఒక్క క్షణం ఎక్కువ ఆగితే గరుకు పోయి నున్నటి మచ్చ మిగులుతుంది, దానికి రిపేరు లేదు. పైగా ఎండను తట్టుకోవడానికి కలిపిన రసాయనాలు తిరిగి రావు గనక కొన్ని నెలల్లో మళ్లీ తెల్లబడుతుంది. అయితే ఒక పనికి వేడి నిజంగా మంచిది: ప్లాస్టిక్ వంగినచోట, గుద్దుకున్నచోట పడే తెల్లటి మడత గీతకు హెయిర్ డ్రయ్యర్ వేడి కాసేపు తగిలితే చాలాసార్లు గీత పోతుంది.

వాటర్ సర్వీసింగ్ షెడ్లలో ఆఖర్న కొట్టే డీజిల్ తుంపర సాయంత్రం దాకా నల్లగా చూపిస్తుంది. తర్వాత అది దుమ్మును పట్టుకుంటుంది, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులను ఉబ్బించి వదులు చేస్తుంది. కొట్టొద్దని ముందే చెప్పాలి, కడిగేవాళ్లు అడగకుండానే కొట్టేస్తారు. కొబ్బరి నూనెదీ అదే కథ, దానికి తోడు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే గుణం వల్ల డిసెంబరు పొద్దుట క్లాడింగ్ మీద తెల్లటి పొర తేలుతుంది.

తర్వాత

వారానికోసారి మామూలు షాంపూ, మెత్తటి గుడ్డ చాలు. కడిగిన నీళ్లు ప్లాస్టిక్ మీదే ఎండనివ్వకండి, ముఖ్యంగా బోరు నీళ్లయితే. రోజూ ఒకే చోట, ఒకే దిక్కుకు కారు ఆపేవాళ్ల బండి ఒకవైపే ముందు వెలుస్తుంది. వీలైతే వారం విడిచి వారం తిప్పి ఆపండి. కౌల్ మీద నీళ్లు పూస కట్టడం మానేసి పలుచగా పరుచుకుంటున్నాయంటే కోటింగ్ పోతోందన్నమాట. తెల్లబడేదాకా చూడకుండా అప్పుడే ఒకసారి క్లీనర్, ఆల్కహాల్ పెట్టి, పైభాగాలకు మాత్రం ఒక చేయి పూస్తే గంటలో అయిపోతుంది.